పుస్తకం సముద్రం దాటాలా, దాని నకలు దాటితే చాలా?

వందేళ్ల కిందట మద్రాసులో అచ్చైన తెలుగు పుస్తకం ఒకటి కావాలి. ఇక్కడ అడిగిన చోటల్లా లేదన్నారు. ప్రపంచ గ్రంథాలయాల ఉమ్మడి క్యాటలాగు వరల్డ్‌క్యాట్‌లో వెతికితే లండన్‌లో ఒక ప్రతి, షికాగోలో ఒక ప్రతి ఉన్నట్టు తేలింది. పాత సాహిత్యం మీదో, చరిత్ర మీదో పనిచేసేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సంగతే ఇది. ఇలాంటప్పుడు దేశాల మధ్య గ్రంథాలయాలు ఒకదానికొకటి సాయపడే దారులు మూడున్నాయి. పుస్తకాన్నే అప్పుగా పంపడం, స్కాన్లన్నీ ఒక పెద్ద సర్వర్‌లో పెట్టడం, అసలు ప్రతిని దాని ఊళ్లోనే ఉంచి నకళ్లు పంచుకోవడం. నా ఓటు మూడోదానికి. అయితే మిగతా రెండూ పనికిరానివేం కాదు.

అప్పు సంగతి ముందు చూద్దాం. పరహస్తం గతం గతః అని పుస్తకాల గురించి మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ భయం గ్రంథాలయాలకీ ఉంది. అందుకే అంతర్జాతీయ గ్రంథాలయ సమాఖ్య ఇఫ్లా 1954లోనే దీనికి సూత్రాలు రాసిపెట్టింది. అందులో అసలైన మాట ఒకటే: పుస్తకం అక్కడ గడప దాటినప్పటినుంచి మళ్లీ ఇల్లు చేరేదాకా పూచీ అడిగినవాళ్లదే. ఇక డబ్బు గొడవ. చిన్న మొత్తాన్ని దేశం దాటించబోతే బ్యాంకు చార్జీలే అసలుని మించిపోయేవి. దానికి 1995లో ఇఫ్లా ఓ చక్కని ఉపాయం చేసింది. ప్లాస్టిక్ కార్డులాంటి వోచర్లు అమ్మింది. ఒక పుస్తకం అప్పుకో, 15 పేజీలలోపు జిరాక్సుకో ఒక వోచరు. అది అందుకున్న గ్రంథాలయం దాన్ని దాచుకుని, తనకి ఇంకో దేశం నుంచి ఏదైనా కావాల్సినప్పుడు అదే కార్డు పంపేది. ఒకే ముక్క దేశాలన్నీ తిరిగేది. చిన్నప్పుడు మార్చుకునే గోళీల్లాగా.

ఈ పద్ధతి 1970ల నాటి పరిశోధన గ్రంథానికి బాగా పనికొస్తుంది. మన వందేళ్ల పుస్తకానికి మాత్రం కాదు. ఆనాటి చవక కాగితంలో ఆమ్లం ఎక్కువ, పేజీ తిప్పితే అప్పడంలా విరుగుతుంది. అలాంటిదాన్ని విమానమెక్కించడానికి ఏ లైబ్రేరియనూ ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడమే న్యాయం.

పెద్ద సర్వర్ దారి చూడటానికి అన్నిటికంటే ఆకర్షణీయంగా ఉంటుంది. 2008లో మొదలైన హాథీట్రస్ట్‌నే తీసుకోండి. విశ్వవిద్యాలయ గ్రంథాలయాల కోటికి పైగా సంపుటాల స్కాన్లు అందులో ఉన్నాయి, తెలుగువీ ఉన్నాయి. కానీ తలుపు తెరుచుకునేది మీరెక్కడ కూర్చున్నారన్నదాన్ని బట్టి! 1905లో రాజమండ్రిలో అచ్చైన పుస్తకం, రచయిత 1919లో పోయారు అనుకుందాం. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లకి హక్కులు తీరిపోతాయి, అంటే ఇక్కడ దాన్ని ఎవరైనా అచ్చేసుకోవచ్చు. హాథీట్రస్ట్‌లో అలాంటి పుస్తకం అమెరికాలో ఉన్నవాళ్లకి మామూలుగా పూర్తిగా తెరుచుకుంటుంది. రాజమండ్రిలో కూర్చున్నవాళ్లకి మాత్రం వెతకడం వరకే. మీరడిగిన మాట ఏయే పేజీల్లో ఉందో అంకెలు చెబుతుంది, పేజీ చూపించదు. పాత తెలుగు అచ్చుని యంత్రం సరిగా చదవలేదు కాబట్టి ఆ అంకెల్నీ నమ్మలేం. వాళ్లకీ కారణం లేకపోలేదు. లక్షల మంది రచయితలు ఎప్పుడు పోయారో ఒక్కొక్కరికీ విచారించలేక, విదేశాల్లో అచ్చైనవాటికి ముందుజాగ్రత్తగా పెద్ద గడువు పెట్టుకున్నారు. అది అర్థమవుతుంది. అయినా పేరులో ఉన్నది మన హాథీయే, గేటు దగ్గర ఆగేదీ మనమే.

ఇదే దారిలో మనకి మేలు చేసినవీ ఉన్నాయి. చిత్తూరు జిల్లాలో పుట్టిన రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి నడిపిన మిలియన్ బుక్ ప్రాజెక్టు, దానికి మన దగ్గర జోడైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా లేకపోతే పాత తెలుగు పుస్తకాల్లో చాలావాటిని ఇవాళ చూసేవాళ్లమే కాదు. స్కానింగ్ మాత్రం అడావుడిగా జరిగింది. పేజీ అంచున చివరి అక్షరం తెగిపోయి ఉంటుంది, అక్కడక్కడా ఒక పేజీ గల్లంతు. పుస్తకం పేరుని ఎవరికి తోచిన రోమన్ లిపిలో వాళ్లు కొట్టారు. ఒకే పేరుని నాలుగు రకాలుగా టైపు చేసి వెతకడం నాకు అలవాటైపోయింది. ఆ సైటు తర్వాత మూతపడింది, నకళ్లు అప్పటికే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత డిజిటల్ భండారానికి చేరి ఉండబట్టి బతికాయి. ఒక్కచోటే ఉండి ఉంటే అంతే సంగతులు.

మూడో దారికి నాకు నచ్చిన ఉదాహరణ చెన్నైలో ఉంది. చెట్టినాడు ప్రాంతంలోని కోట్టైయూర్‌లో రోజా ముత్తయ్య జీవితమంతా తమిళ పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు పోగేశారు. 1992లో ఆయన పోయాక ఆ సేకరణని షికాగో విశ్వవిద్యాలయం కొంది. కొని ఓడెక్కించుకుపోలేదు! 1994లో చెన్నైలోనే గ్రంథాలయంగా నిలబెట్టి, మైక్రోఫిల్ములు (పేజీల చిన్న ఫొటోల రీళ్లు) తీయించి, ఆ ఫిల్ముల ప్రతులు మాత్రం తీసుకుంది. మన హైదరాబాద్‌లో అబ్దుస్ సమద్ ఖాన్ ఉర్దూ సేకరణదీ ఇలాంటి కథే. అమెరికా గ్రంథాలయాలు కలిసి కొని, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనే ఉంచాయి. 2004లో మొదలైన బ్రిటిష్ లైబ్రరీవాళ్ల ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ దీన్ని నియమంగానే పెట్టుకుంది: అసలు ప్రతి దేశం దాటకూడదు, స్కాన్ల ఒక సెట్టు స్థానిక సంస్థకి, ఒకటి లండన్‌కి.

స్థానికంగా ఉంచిన ఆ సెట్టు విలువ 2023 అక్టోబరులో తెలిసొచ్చింది. సైబర్ దాడితో బ్రిటిష్ లైబ్రరీ వ్యవస్థలు కుప్పకూలాయి, క్యాటలాగు కూడా 2024 జనవరిదాకా తిరిగి రాలేదు. ఇంకా చాలా సేవలకి అంతకంటే ఎక్కువ పట్టింది. సొంత ఊళ్లో నకలు ఉన్నవాళ్ల పని మాత్రం ఆగాల్సిన అవసరం లేదు.

దీనికి ఎదురు వాదన గట్టిదే. అసలు ఇక్కడే ఉంటే చెదలకీ, వానకీ, కొత్త ప్రభుత్వం ఆపేసిన గ్రాంటుకీ బలవుతుంది కదా అంటారు. నిజమే. అమెరికా మనకి గోధుమలమ్మి రూపాయల్లో తీసుకున్న పీఎల్-480 డబ్బుతో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962 నుంచి ఢిల్లీ ఆఫీసు ద్వారా మన భాషల పుస్తకాలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకి పంపింది. ఆ రోజుల తెలుగు నవలలు కొన్ని అక్కడి ఏసీ గదుల్లో చెక్కుచెదరకుండా ఉన్నాయి, మన శాఖా గ్రంథాలయం బీరువాలో అవే పుస్తకాలు పొడిపొడి. కానీ అవి దుకాణంలో దొరికే ప్రతుల్లో ఒకటి, ఇక్కడ మిగతావి ఉండగానే వెళ్లాయి. ఒకే ఒక్క ప్రతి వెళ్లిపోవడం వేరు. 1830లలో సెలవు మీద లండన్ వెళ్లిన బ్రౌన్ దొరకి ఆ తేడా తెలుసు. ఈస్టిండియా కంపెనీ ఆఫీసు ఇండియా హౌస్‌లో మూలపడి ఉన్న దక్షిణాది రాతప్రతుల్ని పట్టుబట్టి మద్రాసుకి పంపించాడు.

ఇంతకీ ఆ వందేళ్ల పుస్తకం. ముందు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నాలుగు స్పెల్లింగులతో చూడండి. తర్వాత పరిశోధన పత్రికల సైటు జేస్టోర్‌లో అందరికీ ఉచితంగా ఉన్న సౌత్ ఏషియా ఓపెన్ ఆర్కైవ్స్. అక్కడా లేకపోతే షికాగోకో, లండన్‌కో మెయిల్ పెట్టండి. పుస్తకం పంపమని కాదు, స్కాన్ పంపమని, అదీ ముందు విషయసూచిక మాత్రమే అడగండి. పేరు తెలుగులో ఒకసారి రాసి, వాళ్ల క్యాటలాగులో ఎలా ఉందో అలా రోమన్‌లో ఇంకోసారి రాయండి, దీర్ఘాల మీద గీతలు, టకారాల కింద చుక్కలతో సహా. షెల్ఫ్ నంబరు మర్చిపోకండి.