8/0 సర్కిల్ గాలం, బతికిన ఎర, రెండు రబ్బరు బిళ్లలు: నాలుగు సీజన్ల వాడకం

8/0 సైజు సర్కిల్ గాలం, అంటే గుండ్రంగా వంగిన గాలం, మొన లోపలికి ఎందుకు తిరిగి ఉంటుందో, చేప అందుకున్నాక ఎందుకు గుంజకూడదో నదిలో పెద్ద జెల్లలకు, వాలుగలకు కాసే వాళ్లందరికీ తెలుసు. వాటి జోలికి పోను. రెండు సీజన్లు నన్ను విసిగించిన ఒక్క లోపం గురించీ, దాన్ని దారికి తెచ్చిన గోరంత రబ్బరు ముక్క గురించీ మాత్రమే చెబుతాను.

లోపం ఎప్పుడూ ఒకే తీరుగా కనిపిస్తుంది. స్టాండులో రాడ్ బాగా వంగుతుంది, డ్రాగ్ (దారాన్ని బిగువుతో వదిలే రీల్ బిగింపు) నాలుగైదు సెకన్లు తిరుగుతుంది, అంతలో దారం వదులైపోతుంది. చుట్టి చూస్తే ఎర చేప చెక్కుచెదరకుండా వస్తుంది, ఒంటి మీద మాత్రం సాండ్‌పేపర్‌తో రుద్దినట్టు గీతలు. జెల్ల పళ్లు గరుకు పట్టీల్లా ఉంటాయి కాబట్టి ఆ గీతలు పక్కా సాక్ష్యం: ఎర మొత్తం దాని నోట్లోకి వెళ్లింది. తొందరపడి లాగామేమో అనుకుంటాం గానీ, గాలాన్ని ఒకసారి తిప్పి చూడండి. మొన ఎర వీపులోనే మళ్లీ దిగి ఉంటుంది.

కారణం గాలం ఆకారమే. వీపు రెక్క దగ్గర గుచ్చిన ఎర కొట్టుకునే కొద్దీ చర్మంలో రంధ్రం సాగుతుంది, గాలం అందులో గిరగిరా తిరుగుతుంది. మామూలు జె గాలం (ఇంగ్లిష్ J ఆకారంలోది) తిరిగినా మొన బయటికే ఉంటుంది. సర్కిల్ మొన కాడ (గాలం నిలువు భాగం) వైపు చూస్తుంది కాబట్టి తిరిగినప్పుడల్లా ఎర ఒంట్లోకే పొడుచుకుంటుంది. దీనికి తోడు లావు వీపున్న ఎర కాడ మీదికి జరిగి, మొనకీ కాడకీ మధ్య సందును పూడ్చేస్తుంది. ఆ సందులోకి దవడ అంచు రాకపోతే ఎంత పదునున్న గాలమైనా జారి వచ్చేస్తుంది.

మందు సైకిల్ ట్యూబు. 7, 8 మిల్లీమీటర్ల గుండ్రటి బిళ్లలు కత్తిరించి పెట్టుకోవాలి. మొదట ఒక బిళ్లను మొనతోనే పొడిచి కాడ పైకి జరపాలి. తర్వాత ఎర, ఆ వెనక రెండో బిళ్ల. రెండోది ఎదురుముల్లు (మొన వెనక ఉండే చిన్న ముల్లు) దాటి లోపలికి రావాలి, ముల్లు మీదే ఆగితే సందు తగ్గిపోతుంది. పై బిళ్ల ఎరను కాడ ఎక్కనివ్వదు, కింది బిళ్ల జారనివ్వదు, రెండిటి పట్టులో గాలం ఎర ఒంట్లో తిరగడం దాదాపు ఆగిపోతుంది. గుచ్చేముందు ఆ చోట రెండు మూడు పొలుసులు గోటితో తీసేయాలి. మొనకు ఒక్క పొలుసు అంటుకున్నా దవడలో దిగదు. వీపు రెక్క చివరి భాగం కింద, అర సెంటీమీటరు లోతు చాలు. ఇంకా కిందికి పోతే వెన్నెముక తగిలి ఎర అక్కడికక్కడే చచ్చుబడుతుంది. అంతా అయ్యాక సందులో కనీసం సగం ఖాళీగా కనిపించాలి. లారీ ట్యూబు ప్రయత్నించకండి, మందం ఎక్కువై బిళ్లే అడ్డం పడుతుంది.

మిగతా కట్టు మామూలే: 50 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం), దాని మీద జారే 80 నుంచి 100 గ్రాముల చదును సీసం, ముడికి దెబ్బ తగలకుండా పూస, స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే లంకె), 80 పౌండ్ల నైలాన్‌తో 45 సెంటీమీటర్ల లీడర్ (గాలానికి కట్టే చివరి దారం). లీడర్ మీటరు వదిలితే ఎర రాళ్ల సందుల్లో దూరి దాక్కుంటుంది. స్నెల్ ముడి (కాడ చుట్టూ చుట్టి వేసే ముడి) వేసేటప్పుడు నైలాన్‌ను మొన ఉన్న వైపు నుంచి గాలం కంట్లోకి, అంటే దారం దూర్చే రంధ్రంలోకి, దూర్చాలి. అలాగైతే లాగినప్పుడు మొన బయటికి విచ్చుకుంటుంది, వెనక నుంచి దూర్చితే ఆ పని జరగదు. కంటి దగ్గర తీగ అతుకు మూసి ఉందో లేదో గోటితో తడిమి చూడండి. సన్నటి సందున్నా బరువు పడినప్పుడు నైలాన్ తెగుతుంది.

ఈ గాలం ఎప్పుడూ మూతి మూలలోనే పడుతుందని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి. మొన పక్కకు వంగని, తిన్నటి రకానికి ఆ మాట చాలావరకు నిజం. పక్కకు వంచిన రకంలో గొంతులో పడ్డవీ ఉన్నాయి, చేపను తిరిగి నదిలో వదలాలనుకునే వాళ్లు దాని జోలికి పోకపోవడం మంచిది. బిళ్లలు పెట్టాక కూడా ఒక రకం నష్టం మిగిలే ఉంది. చేప ఎర పట్టుకుని ఒడ్డు వైపే వస్తే దారం బిగుసుకోదు, గాలం దాని నోట్లో తిరిగి దవడలో దిగదు. రాడ్ బరువెక్కేదాకా రీల్ వేగంగా తిప్పడమే దారి, అదీ ప్రతిసారీ ఫలించదు.

నేను చెప్పేదంతా నెమ్మదిగా పారే లోతు మడుగులో, రాడ్ స్టాండులో పెట్టి, 12 నుంచి 16 సెంటీమీటర్ల ఎరతో చూసింది. రాడ్ చేతిలో పట్టుకుని, తగలగానే గుంజే అలవాటున్న వాళ్లకు జె గాలమే నయం కావచ్చు. ప్రవాహం గట్టిగా ఉన్నచోట వీపున గుచ్చిన ఎర అడ్డం తిరిగి లీడర్‌ను మెలిపెడుతుంది. అక్కడ రెండు పెదవులూ కలిపి కింద నుంచి పైకి గుచ్చితే ఎర ఎదురీదుతూ నిలుస్తుంది, పై బిళ్లతో పని లేదు, కిందిది ఒక్కటి చాలు. 20 సెంటీమీటర్లు దాటిన ఎరకు 8/0 సందు చిన్నది, అంతకన్నా పెద్ద సైజైన 10/0కి వెళ్లాలి. ఎర చేపను మాత్రం అదే నదిలో పట్టండి, వేరే నీటి చేపతో పాటు రోగాలూ కొత్త జాతులూ వచ్చి చేరతాయి. బిళ్లలు ఎర మార్చినప్పుడల్లా కొత్తవి పెట్టండి, ముల్లు ఒకసారి చీల్చిన రబ్బరు రెండోసారి పట్టు ఇవ్వదు.