సైట్‌కి యాక్సెసిబిలిటీ విడ్జెట్ పెట్టాలా, కోడ్ సరిచేయాలా? ఏది మేలు?

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ప్రజ్ఞా ప్రసూన్ కేసులో వికలాంగులకి డిజిటల్ సేవలు అందడం కూడా ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమేనని తేల్చి చెప్పింది. అదే ఏడాది జులై 31న సెబీ కూడా తన కింద ఉన్న బ్రోకర్లకీ మ్యూచువల్ ఫండ్స్‌కీ దీనిమీదే సర్క్యులర్ ఇచ్చింది. అప్పట్నుంచి కాలేజీలవాళ్లు, ట్రస్టులవాళ్లు, చిన్న కంపెనీలవాళ్లు "మరి మన సైట్ సంగతేంటి" అని అడగడం మొదలుపెట్టారు, చాలా మంచిది. కానీ అలా అడగగానే ఎవరో ఒకరు వచ్చి, ఒక్క లైన్ జావాస్క్రిప్ట్‌తో యాక్సెసిబిలిటీ విడ్జెట్, అంటే వికలాంగులకి సైట్ అందుబాటులోకి తెస్తుందనే రెడీమేడ్ టూల్, పెట్టుకోండి, ఏడాదికింత కట్టండి, మొత్తం అయిపోతుంది అంటారు. ఇంకోపక్క డెవలపరేమో కోడ్ అంతా చూడాలి సార్, టైమ్ పడుతుంది అంటాడు. ఓనర్ సహజంగానే ఆ ఒక్క లైన్ వైపే మొగ్గుతాడు.

నా ఓటు కోడ్ సరిచేయడానికే. ఎందుకో చెప్తా.

ముందు ఆ విడ్జెట్ ఏం చేస్తుందో చూడండి. స్క్రీన్ మూలన చిన్న మనిషి బొమ్మ వస్తుంది, నొక్కితే ఒక మెనూ తెరుచుకుంటుంది, అందులో అక్షరాలు పెద్దవి చేయడం, రంగులు తిప్పడం, యానిమేషన్లు ఆపడం, పేజీ చదివి వినిపించడం లాంటివి ఉంటాయి. చూడ్డానికి బాగుంటుంది, మీటింగ్‌లో చూపించడానికి ఇంకా బాగుంటుంది. కానీ చూపు తక్కువున్న మనిషి మీ సైట్‌కి వచ్చేసరికే తన ఫోన్లో ఫాంట్ పెద్దది చేసుకునే ఉంటాడు, కంప్యూటర్లో కంట్రోల్ ప్లస్ నొక్కడం తెలిసే ఉంటుంది. అసలు చూపే లేనివాళ్లు కంప్యూటర్లో ఎన్‌వీడీఏనో జాసో లాంటి స్క్రీన్ రీడర్, అంటే స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, ఫోన్లో అయితే టాక్‌బ్యాక్ లేదా వాయిస్‌ఓవరో వాడుతూ ఉంటారు, ఎన్‌వీడీఏ అయితే పూర్తిగా ఉచితం. వాళ్లకి చదివి వినిపించే గొంతు వాళ్ల దగ్గరే ఉంది, మీ సైట్ ఇంకో గొంతు ఇవ్వక్కర్లేదు. ఆ గొంతు చదవడానికి వీలుగా పేజీ ఉంటే చాలు. పైగా కొన్ని విడ్జెట్లు వాళ్ల స్క్రీన్ రీడర్ షార్ట్‌కట్లకే అడ్డం పడతాయి, అందుకే వాటిని బ్రౌజర్లో బ్లాక్ చేసుకుని తిరిగేవాళ్లు కూడా ఉన్నారు.

దగ్గర్నుంచి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. నా ఫ్రెండ్ ఒకడు, చూపు లేదు, ఒక కోర్సుకి ఆన్‌లైన్ అప్లికేషన్ నింపుతుంటే పక్కన కూర్చున్నా. ట్యాబ్ కొడతాడు, ఎన్‌వీడీఏ "ఎడిట్, బ్లాంక్" అంటుంది. మళ్లీ కొడతాడు, మళ్లీ "ఎడిట్, బ్లాంక్". ఏ పెట్టె పేరుకి, ఏది పుట్టినతేదీకి, ఏది మొబైల్ నంబర్‌కి అన్నది ఎక్కడా వినపడదు, ఎందుకంటే ఆ మాటలు పెట్టెల పక్కన రాశారు గానీ లేబుల్ ట్యాగ్‌తో పెట్టెకి కట్టలేదు. ఎలాగో నింపుకుంటూ చివరికొస్తే సబ్మిట్ బటన్ దొరకదు, అది బటన్ కాదు, డివ్ అనే ఉత్త డబ్బా ట్యాగ్‌కి రంగు పూసి క్లిక్ పెట్టారు, కీబోర్డ్‌తో దానిమీదకి వెళ్లే దారే లేదు. ఆ పేజీ మూలన మనిషి బొమ్మ ఉంది! అక్షరాలు ఎంత పెద్దవి చేసుకున్నా ఆ ఫారం సబ్మిట్ అవ్వదు కదా. ఇదే డెవలపర్ కూర్చుంటే లేబుల్‌ని ఇన్‌పుట్ ఐడీకి కలపడం, డివ్ తీసి నిజమైన బటన్ ట్యాగ్ పెట్టడం, అంతే, ఒక పూట పని.

విడ్జెట్ అమ్మేవాళ్లు మా ఏఐ ఇవన్నీ దానంతటదే సరిచేస్తుంది అంటారు. కొన్ని చేస్తుంది, కాదనను, కానీ ఊహించి చేస్తుంది. అడ్మిషన్ తేదీలన్నీ రాసున్న పోస్టర్‌కి "నవ్వుతున్న విద్యార్థులు" అని ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో స్క్రీన్ రీడర్‌కి చెప్పే మాట) పెడితే చదివేవాడికి తేదీ ఎక్కడ దొరుకుతుంది? అమెరికాలో యాక్సెసిబీ అనే కంపెనీ, మా టూల్ పెడితే ఏ సైటైనా డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ యాక్సెసిబిలిటీ ప్రమాణాల ప్రకారం సరిపోతుందని ప్రచారం చేసుకున్నందుకు 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పది లక్షల డాలర్లు కట్టమంది. విడ్జెట్ పెడితే లీగల్‌గా సేఫ్ అనుకునేవాళ్లు ఈ కేసు ఒకసారి చూడాలి.

మన తెలుగు సైట్లకైతే ఇంకో సమస్య ఉంది. వర్డ్‌ప్రెస్‌లో సైట్ భాష ఇంగ్లీషు అనే వదిలేస్తారు, పేజీ నిండా తెలుగు ఉంటుంది. స్క్రీన్ రీడర్ కోడ్‌లో పేజీ భాష చెప్పే లాంగ్ అట్రిబ్యూట్ చూసే ఏ గొంతు వాడాలో నిర్ణయించుకుంటుంది, కాబట్టి ఇంగ్లీషు గొంతుతో తెలుగు చదవబోయి తికమక చేస్తుంది, లేదంటే వదిలేసి ముందుకెళ్తుంది. హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో తెలుగు కోడ్ రెండక్షరాలు మారిస్తే పోయే సమస్య. అలాగే జీవోలు, నోటిఫికేషన్లు స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెట్టడం, అది ఉత్త బొమ్మ, స్క్రీన్ రీడర్‌కి అందులో ఒక్క మాట కూడా ఉండదు. వర్డ్‌లో టైప్ చేసిన ఫైల్‌నే పీడీఎఫ్‌గా సేవ్ చేసి పెడితే కనీసం చదవడానికి అక్షరాలుంటాయి, పాత నాన్-యూనికోడ్ ఫాంట్లు వాడొద్దు, వాడితే అదీ గందరగోళమే.

మూడో దారి, వికలాంగుల కోసం విడిగా టెక్స్ట్ వెర్షన్. దీనికి ఎక్కువ చెప్పక్కర్లేదు, రెండు సైట్లు అప్‌డేట్ చేసే ఓపిక ఎవరికీ ఉండదు, ఆర్నెల్లలో రెండోది పాతబడిపోతుంది. పైగా అందరూ ముందు గుమ్మంలోంచి వస్తుంటే కొందర్ని పెరటి దారిన రమ్మన్నట్టుంటుంది, నాకు ఆ పద్ధతే నచ్చదు.

ఖర్చు మాటకొస్తే, విడ్జెట్ ఏటా కట్టాలి, కట్టడం ఆపేస్తే అదీ పోతుంది. కోడ్ మార్పు సైట్‌లోనే ఉండిపోతుంది, అయితే ఒకసారి చేసి వదిలేయకుండా కొత్త పేజీ పెట్టినప్పుడల్లా చూసుకోవాలి, ఇది ఒప్పుకోవాలి. పెద్ద పాత సైట్ అయితే అంతా ఒకేసారి కాదు కూడా, అప్పుడు జనం ఎక్కువగా వాడే ఫారాలు, పేమెంట్ పేజీ, లాగిన్ ముందు పట్టుకోండి. లేబుల్స్, కీబోర్డ్‌తో అన్నీ అందడం, బొమ్మలకి ఆల్ట్ టెక్స్ట్, వీడియోలకి క్యాప్షన్లు, అక్షరాల రంగుకీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1. డిజైనర్లకి లేత గ్రే అంటే ఇష్టం, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద 999999 అనే కలర్ కోడ్ ఉన్న గ్రే అక్షరాలు 2.85 దగ్గరే ఆగిపోతాయి, 767676 అయితే పాసవుతుంది. ఓటీపీకి టైమ్ కూడా కాస్త ఎక్కువివ్వండి, స్క్రీన్ రీడర్‌తో మెసేజ్ తెరిచి వినేసరికి ముప్పై సెకన్లు చాలవు.

ఇప్పటికే విడ్జెట్ కొనేసి ఉంటే, రెన్యువల్ వచ్చేలోపు మౌస్ తీసి పక్కనపెట్టి మీ సైట్‌లో ఒక ఫారం మొదట్నుంచి చివరిదాకా నింపి చూడండి, తర్వాత స్క్రీన్ రీడర్ రోజూ వాడే ఒకరిని డబ్బులిచ్చి పిలిచి అదే ఫారం నింపమనండి. రెన్యువల్‌కి పెట్టే డబ్బుని వాళ్ల ఫీజుకీ, వాళ్లు చెప్పినవి సరిచేసే డెవలపర్ రోజులకీ మళ్లించండి.