లంబసింగి, కాశీ, సిమ్లా: ఎక్కువ వణికింది ఎక్కడంటే

మా విజయవాడలో చలికాలం అంటే ఫ్యాన్ రెండు పాయింట్లు తగ్గించడమే. అందుకే పోయిన జనవరిలో నేనూ, మా ఆవిడా, అత్తయ్యా కలిసి లంబసింగి, కాశీ, సిమ్లా మూడూ ఒకే ట్రిప్‌లో చుట్టేశాం.

లంబసింగి నర్సీపట్నం మీదుగా ఘాట్ రోడ్డులో వెళ్ళాం. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది, రాత్రి బయట పడుకుంటే పొద్దునకి కర్రలా బిగుసుకుపోతారట. మేం పడుకున్న టెంటు దాదాపు బయట పడుకున్నట్టే, మంచు కారి రగ్గులు తడిసిపోయాయి. కానీ ఐదింటికి లేచి పక్కనున్న చెరువులవేనం కొండ ఎక్కితే మేఘాలు కాళ్ళ కింద ఉంటాయి, ఆ గంట కోసం ఆ టెంటుని క్షమించేశా. తొమ్మిదయ్యేసరికి స్వెట్టర్ తీసేయాల్సిందే. ఆదివారం మాత్రం వెళ్ళకండి, కార్లూ బొంగు చికెన్ పొగా తప్ప ఏం కనబడదు.

అసలు చలి కాశీలో చూశాం. ఫోన్‌లో 8 డిగ్రీలే చూపిస్తోంది గానీ రెండు రోజులు సూర్యుడు మొహమే చూపించలేదు, తడి చలి, ఎముకల్లోకి దిగిపోద్ది. ఘాట్ దగ్గర లాడ్జి, వ్యూ సూపర్, కానీ పాలరాతి నేల, కిటికీ సందుల్లోంచి గాలి, గీజర్ పొద్దున రెండు గంటలే. హీటర్‌కి రోజుకి 300 ఎక్స్‌ట్రా అన్నారు సరే అన్నాం, ప్లగ్ పెట్టగానే ఫ్యూజ్ కొట్టేసింది. అత్తయ్య గంగలో మూడు మునకలేసి వచ్చి "బాబూ, ఆ గది కంటే గంగే వెచ్చగా ఉంది" అంది. మలయ్యో మాత్రం వదలొద్దు, కుంకుమపువ్వు వేసిన పాల నురుగు, చలికాలంలోనే చేస్తారు, ఎండెక్కితే నిలవదు కాబట్టి పొద్దున్నే మట్టి పిడతలో తినేయాలి.

ఢిల్లీ రైలు మంచుకి ఏడు గంటలు లేటు. అక్కడ్నుంచి కల్కా, కల్కా నుంచి సిమ్లాకి టాయ్ ట్రైన్, 96 కిలోమీటర్లు, వందకి పైగా సొరంగాలు, ఐదు గంటలకి పైనే, ఒక్క నిమిషం బోర్ కొట్టలేదు. సిమ్లా 2200 మీటర్ల ఎత్తు కదా గడ్డకట్టిపోతాం అనుకున్నా, తీరా చూస్తే మధ్యాహ్నం రిడ్జ్ మీద, అంటే ఊరి మధ్యలో ఉన్న ఖాళీ మైదానంలో, ఎండలో పల్లీలు తింటూ కూర్చున్నాం. రాత్రి బరువైన చల్లగాలి కిందికి జారి మైదానాల్లో పేరుకుంటుందట, పైగా అక్కడ పొగమంచు ఎండని రానివ్వదు, అందుకే ఒక్కోసారి కొండ మీదకంటే కిందే ఎక్కువ చలి. హోంస్టేలో చెక్క గోడలు, కార్పెట్, ఎలక్ట్రిక్ దుప్పటి, హాయిగా నిద్రపట్టింది. స్నో మాత్రం పడలేదు, సిమ్లా దగ్గరున్న కుఫ్రీలో గుర్రం ఎక్కి బురద చూసొచ్చాం, డబ్బు దండగ.

మీరెళ్తే రూమ్ ఫోటోలు చూసి మురిసిపోకుండా ఫోన్ చేసి అడగండి: గీజర్ ఎన్ని గంటలు, మనిషికి ఎన్ని రజాయిలు, హీటర్ పెడితే కరెంటు పోద్దా. అత్తయ్య అయితే మళ్ళీ కాశీయే అంటోంది, ఈసారి కార్తీకంలోనట.