ఒకరి భయం మొహంలో, ఇంకొకరిది పక్కవాడి వేళ్లలో

కౌబాయ్ సినిమా ‘హై నూన్’ (1952)లో ఊరి పోలీసు అధికారి (మార్షల్) గ్యారీ కూపర్. పగతో రైల్లో వస్తున్న పాత నేరస్థుణ్నీ, అతని ముఠానూ ఎదుర్కోవడానికి సాయం కోసం ఊరంతా తిరుగుతాడు. బారు, చర్చి, పాత మిత్రుడి గుమ్మం. ఎవరూ కదలరు. పన్నెండు గంటల రైలు దగ్గరపడుతుంటే బల్లమీద తల వాల్చేస్తాడు, వీలునామా రాసుకుంటాడు. ప్రత్యర్థుల్లో ఒకణ్ని కాల్చేది కూడా హింస గిట్టని క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన అతని భార్యే.

దర్శకుడు హోవర్డ్ హాక్స్‌కు ఇది మింగుడుపడలేదు. పని తెలిసినవాడు ఊళ్లోవాళ్లను దేబిరించడమేమిటని 1959లో ‘రియో బ్రావో’ తీశాడు. ఇందులో షెరీఫ్ జాన్ వేన్ సాయం అడగడు, వస్తామన్నవాళ్లనూ వద్దంటాడు. మొహంలో బెదురే ఉండదు. మరి భయం ఎటు పోయింది? డీన్ మార్టిన్ వేళ్లలోకి. తాగుడుకు బానిసైన ఆ డెప్యూటీ సిగరెట్ చుట్టబోతే చేతులు వణుకుతాయి. వేన్ మారుమాట లేకుండా తన సిగరెట్ అందిస్తాడు. తరవాత ఒకచోట మార్టిన్ గ్లాసులోని విస్కీని చుక్క ఒలకకుండా తిరిగి సీసాలోకి వంచుతాడు. ఆ సీసా కోసమే ఈ సినిమా ఎన్నిసార్లయినా చూస్తాను.

కానీ నిజాయతీలో కూపర్‌కే నా ఓటు. వేన్‌నూ అడుగడుగునా ఎవరో ఒకరు కాపాడుతూనే ఉంటారు. ఆయన అడగలేదంతే.