బావి పక్క డ్రైనేజీకి పీవీసీ పైపులు వేసి తొమ్మిదేళ్ళు, మా అనుభవం

మాది చెన్నై అయనావరంలో మామయ్యగారు కట్టించిన పాత ఇల్లు. పెరట్లో బావి, దానికి ఐదారడుగుల దూరంలో వేపచెట్టు, రెండింటి మధ్యలోంచి డ్రైనేజీ లైను. 2003లో వాన నీటి సేకరణ తప్పనిసరి చేసినప్పుడు మేడ మీది నీళ్ళు కూడా బావిలోకే మళ్ళించాం కాబట్టి నీళ్ళకి కరువు లేదు, బాధంతా వాసనతోనే. ఏటా దీపావళి వానలు మొదలవగానే బావిలోంచి కుళ్ళు కంపు. అత్తయ్యేమో పూడిక తీయిస్తే పోతుందిలే అనేది, రెండుసార్లు తీయించాం కూడా, పోలేదు.

ఆ తర్వాత మా చిన్నాడికి కామెర్లొచ్చాయి. తాగేది మెట్రోవాటర్, అంటే కుళాయి నీళ్ళు, అవీ కాచినవే గానీ పళ్ళు తోముకునేది, గిన్నెలు కడిగేది బావి నీళ్ళతోనే కదా. ఎవరో చెబితే పరీక్ష సీసా తెచ్చి నీళ్ళు పోసి గూట్లో పెట్టాను. మురుగు కలిసుంటే ఒకట్రెండు రోజుల్లో నల్లబడుతుందన్నారు, మాది తెల్లారేసరికే సిరాలా అయిపోయింది. వాడికి దీనివల్లే వచ్చిందని గట్టిగా చెప్పలేను, కానీ ఆ సీసా చూశాక నాకు అన్నం సహించలేదు.

డ్రైనేజీ లైను తవ్వించాం. పాత స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) గొట్టాలు, రెండేసి అడుగుల ముక్కలు, ప్రతి ముక్కకీ సిమెంటు జాయింటు. ఆ సిమెంటు పగిలిన సందుల్లోంచి వేపవేళ్ళు లోపలికి దూరాయి. ప్లంబర్ ఒక గొట్టంలోంచి లాగితే మూరెడు పొడుగున జడలాగా, తడి తడిగా, నల్లగా బయటికొచ్చింది, "చూడండక్కా" అని చేత్తో పట్టుకుని చూపించాడు. గొట్టం కింద మట్టంతా కూడా నలుపే. అంటే మేం బాత్రూంలో పోసిందంతా ఇన్నేళ్ళూ బావిలోకే ఇంకుతోందన్నమాట.

దాని బదులు పీవీసీ వేశాం. ఇరవై అడుగులకి ఒకే పైపు, చివర రబ్బర్ రింగు. పదీ పన్నెండు జాయింట్లున్న చోట ఇప్పుడు ఒక్కటే, వేళ్ళకి దూరే సందే లేదు. ఆ ఏడు వానలకి వాసన తగ్గింది, మరుసటేడు అస్సలు లేదు, సీసా మూడు రోజులుంచినా రంగు మారలేదు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు, అత్తయ్య ఒక్కతే బావి దగ్గరికెళ్ళి చాలాసేపు నిలబడొచ్చింది.

అయితే మూడో ఏడు ఒకసారి లైను ఆగిపోయింది. పైపు తప్పు కాదు, కింద ఇసుక పరవకుండా రాళ్ళూ రప్పలతోనే పూడ్చేశారు, కారు తిరిగే చోట పైపు కుంగి నీళ్ళు నిలిచిపోయాయి. మళ్ళీ తవ్వి ఇసుక వేయించేసరికి ఖర్చు డబల్. మీరు వేయిస్తుంటే పూడ్చేటప్పుడు పక్కనే నిలబడండి.

ఇంకోటి, ఆ ఊపులో వంటింటికొచ్చే నీళ్ళ లైను కూడా చవగ్గా వస్తోందని ఐఎస్ఐ గుర్తు లేని పీవీసీతో మార్పించేశాం. తయారీలో వేడికి ప్లాస్టిక్ పాడవకుండా కొందరు సీసం కలుపుతారని, అది కొంచెం కొంచెంగా నీళ్ళలోకి దిగుతుందని, పిల్లల మెదడుకి మంచిది కాదని నాకు తర్వాత తెలిసింది. 2021లో కేంద్రం పైపుల్లో సీసం వాడకం మీద రూల్స్ తెచ్చినప్పుడు చదివాను. వెంటనే ఆ ఒక్క లైను పీకించి, సీసం లేదని పైపు మీదే అచ్చేసున్న సీపీవీసీ (వేడి నీళ్ళకీ తట్టుకునే పీవీసీ రకం) వేయించాను. పీవీసీ అయితే తుప్పు పట్టదు, పర్యావరణానికి మేలు అని నేనే అందరికీ చెప్పేదాన్ని, ఇప్పుడు ఏ పైపు అని అడిగాకే చెబుతున్నా. మిగిలిన ముక్కల్ని పనివాళ్ళు పెరట్లో తగలబెడుతుంటే ఆ పొగకి కళ్ళు మండిపోయాయి, అదైతే అస్సలు చేయనివ్వకండి.

బావీ, చెట్టూ, డ్రైనేజీ ఇంత దగ్గరగా ఉన్న ఇల్లు కాబట్టి మాకింత తేడా కనిపించిందేమో, బావి లేని ఇళ్ళకి ఇదంతా అవసరమో కాదో నేను చెప్పలేను. ఇప్పటికీ బావి నీళ్ళు తాగం, వాడుకుంటామంతే. గేటు నుంచి వీధిలోని డ్రైనేజీ చాంబర్ దాకా ఆరడుగులు ఇంకా పాత గొట్టాలే ఉన్నాయి, వచ్చే ఎండాకాలం అవి కూడా తీయించాలి. వేపచెట్టు మాత్రం కొట్టించను.