సరిహద్దు ఉష్ణ నియంత్రణ లెక్కలకు ఫ్రీఫెమ్: దీర్ఘకాలం వాడిన తరువాత

నల్లగొండలో పీజీ విద్యార్థులకు పాక్షిక అవకలన సమీకరణాలు బోధిస్తూ కొన్నేళ్లుగా ఫ్రీఫెమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్నాను. వస్తువును చిన్న చిన్న ముక్కలుగా (మూలకాలుగా) విడదీసి ఆ సమీకరణాలను కంప్యూటర్ మీద సాధించే సాధనమిది. ఒక వస్తువు ఉపరితలం మీద ఎప్పుడు ఎంత వేడిని ఇస్తే, లేదా తీసేస్తే, నిర్ణీత సమయానికి లోపలి ఉష్ణోగ్రత మనం కోరిన స్థాయికి అతి తక్కువ ఖర్చుతో చేరుతుందో కనుక్కోవడమే నేను దీనితో ప్రధానంగా చేసే పని.

ఇలా తక్కువ ఖర్చుతో లక్ష్యాన్ని చేరే నియంత్రణ శాస్త్రానికి గట్టి పునాది వేసినది ఫ్రెంచి గణితవేత్త జాక్ లూయీ లియోన్స్ 1968లో వెలువరించిన గ్రంథం. పారిస్‌లో ఆయన పేరుతో ఉన్న పరిశోధనశాలలోనే ఒలివియే పిరనో, ఫ్రెడెరిక్ ఎక్ట్ ఫ్రీఫెమ్‌ను తీర్చిదిద్దారు.

విద్యార్థులకు నేనిచ్చే లెక్క మన డాబా ఇళ్లదే. 120 మిల్లీమీటర్ల కాంక్రీటు స్లాబుకు ఉష్ణ విసరణ గుణకం (వేడి ఎంత త్వరగా వ్యాపిస్తుందో చెప్పే కొలత) సెకనుకు 0.8 చదరపు మిల్లీమీటర్లు అనుకుంటే, మందం వర్గాన్ని దానితో భాగించగా 18,000 సెకన్లు, అంటే 5 గంటలు వస్తుంది. మే నెల మధ్యాహ్నపు ఎండ పొద్దుగూకాక కూడా గదిలోకి దిగుతూ ఉండటానికి కారణం ఈ కాలప్రమాణమే. రాత్రి 9 గంటలకు స్లాబు అడుగు పొర చల్లబడాలంటే పైన నీళ్లు ఎప్పుడు చల్లాలన్నది ప్రశ్న. దీనికి జవాబు అడ్జాయింట్ సమీకరణంలో, అంటే ఉష్ణ సమీకరణానికి జోడీగా కాలంలో వెనక్కి నడిచే సమీకరణంలో ఉంది. చివరి క్షణంలో కోరిన ఉష్ణోగ్రతకూ వచ్చినదానికీ ఉన్న తేడాను తీసుకుని, దాన్ని కాలంలో వెనక్కి నడిపిస్తే, పై ఉపరితలం మీద దాని విలువకు నియంత్రణ ఖర్చు పదాన్ని కలిపినదే మనకు కావలసిన గ్రేడియెంట్, అంటే నియంత్రణను ఎటు మారిస్తే మొత్తం ఖర్చు తగ్గుతుందో చూపే రాశి. చివరి అరగంటలో ఆ అడ్జాయింట్ విలువ చాలా స్వల్పంగా ఉంటుంది. కాబట్టి అప్పుడు చల్లే నీళ్లు ఆ రాత్రి 9 గంటల లక్ష్యానికి అక్కరకు రావు. అడ్జాయింట్ విలువ కాలంతో మారే ఈ గ్రాఫు తెర మీదికి వచ్చినప్పుడు తరగతిలో కలిగే ఆసక్తి కోసమే నేను ఈ సాఫ్ట్‌వేర్‌ను వదలలేదు.

కాగితం మీద రాసుకున్న సమాకలని రూపాన్నే ఇందులో దాదాపు అదే వరుసలో టైపు చేయవచ్చు. ఉష్ణ సమీకరణానికీ అడ్జాయింట్‌కూ ఒకే మాత్రిక సరిపోతుంది కనుక దాన్ని ఒక్కసారి కారకీకరించి రెండు దిశల్లోనూ వాడుకోవచ్చు. అడ్జాయింట్‌ను ఇది తనంతట తాను తయారుచేయదు. నేర్చుకునేవారికి అది మేలేనని నా అభిప్రాయం, అయితే గ్రేడియెంట్‌ను పరిమిత భేదాలతో (నియంత్రణను కొద్దిగా మార్చి ఖర్చులో వచ్చే తేడాతో) సరిచూసుకోవడం తప్పనిసరి.

లోపాలు లేకపోలేదు. ఉపరితల ఉష్ణోగ్రతనే నియంత్రణగా తీసుకున్నప్పుడు గ్రేడియెంట్‌లో అడ్జాయింట్ విలువకు బదులు దాని అభిలంబ అవకలజం (ఉపరితలానికి లంబ దిశలో మార్పు రేటు) వస్తుంది. రేఖీయ మూలకాలతో దాన్ని నేరుగా గణిస్తే ఫలితం గరుకుగా వస్తుంది. ఆ విలువను బలహీన రూపపు (పైన చెప్పిన సమాకలని రూపపు) శేషం నుంచి రాబట్టాలి, లేదా గాలితో ఉష్ణ వినిమయం ఉండే రాబిన్ షరతుకు మారాలి. భౌతికంగా కూడా ఆ షరతే వాస్తవానికి దగ్గర. వికిరణం వంటి అరేఖీయ పదం చేరితే ప్రతి కాలమెట్టులోని ఉష్ణోగ్రతనూ దాచుకోవాలి, త్రిమితీయ మెష్‌లో (మూలకాల వలలో) మామూలు ల్యాప్‌టాప్ మెమరీ అక్కడే చాలదు. దోష సందేశాలు కొత్తవారికి ఏమాత్రం సాయపడవు, మ్యాక్రోలలో (పేరు పెట్టి మళ్లీ మళ్లీ వాడుకునే కోడు తునకల్లో) మరీను.

లైసెన్సు రుసుము లేదు, ఒకసారి ఎక్కించుకున్నాక ఇంటర్నెట్ అవసరం ఉండదు. జిల్లా కళాశాలల్లో ఎమ్మెస్సీ గణితం చదివేవారికి దీన్నే సిఫారసు చేస్తాను. త్రిమితీయ అరేఖీయ సమస్యల మీద పరిశోధన చేసేవారు మాత్రం అడ్జాయింట్‌ను స్వయంగా ఉత్పత్తి చేసే సాధనాన్ని ఎంచుకోవడం మంచిది.