కిటికీ పక్క మహిళల బల్ల: ఏడేళ్ల వాడకం తర్వాత

తిరుపతిలో మా ఇంటికి పది నిమిషాల నడక దూరంలో ఉన్న శాఖా గ్రంథాలయానికి నేను 2018 నవంబరు నుంచి వెళుతున్నాను. పొద్దున 8 నుంచి 11 వరకు, సాయంత్రం 4 నుంచి 7 వరకు తెరిచి ఉండటం, శుక్రవారం సెలవు, గోడమీద గ్రంథాలయోద్యమ నాయకుడు అయ్యంకి వెంకటరమణయ్య గారి పటం, ముందు గదిలో దినపత్రిక ఎప్పుడు చేతికొస్తుందా అని ఎదురుచూసే పెద్దవాళ్లు, ఇవన్నీ ఏ శాఖా గ్రంథాలయం గడప తొక్కినవారికైనా తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. లోపలి గదిలో కిటికీ పక్కన, గోడమీద ఎర్ర రంగుతో ‘మహిళలకు మాత్రమే’ అని రాసి ఉన్న పొడవాటి బల్ల గురించే రాయదలచుకున్నాను. ఈ ఏడేళ్లలో నాకు గ్రంథాలయమంటే ఆ బల్లే.

నేను అక్కడికి వెళ్లడానికి కారణం పుస్తకాల మీద ప్రేమ కాదు. 2018 అక్టోబరు చివర డీఎస్సీ, అంటే ప్రభుత్వ బడుల్లో టీచరు పోస్టుల పరీక్ష, ప్రకటన వెలువడింది. ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన మామగారు, పొద్దస్తమానం మోగే టీవీ మధ్య చదువు సాగదని తెలిసి, పిల్లలు బడికి వెళ్లగానే సంచి భుజాన వేసుకుని బయటపడేదాన్ని. బల్లకు అటు నలుగురు, ఇటు నలుగురు పడతారు. అప్పటికే అక్కడ చదువుతున్న అమ్మాయిలు నన్ను చూసి కాస్త జరిగి చోటిచ్చారు గాని, తమ నోట్సు మీద పరీక్ష అట్టలు బోర్లించారు. అందరం ఒకే జిల్లాలో ఒకే రకం పోస్టుకు చదువుతున్నప్పుడు పక్క కుర్చీలోని మనిషి ముందు పోటీదారు, ఆ తర్వాతే స్నేహితురాలు అని నాకు వారం తిరగకుండానే అర్థమైంది. గ్రంథాలయంలో ఉన్న ఒకే ఒక్క విద్యా మనోవిజ్ఞానం పుస్తకంలో అభ్యసన సిద్ధాంతాల అధ్యాయాన్ని ఎవరో మొదలంటా చింపుకుపోయారు. మూడేళ్లు అలాగే గడిచాయి. 2020లో కరోనా వల్ల తలుపులు మూతపడిన నెలలు కూడా అందులోనివే. ఆ రోజుల్లో ఈ బల్ల ఎలా ఉందని ఎవరైనా అడిగి ఉంటే, వెలుతురు బాగుంటుంది, ఎవరూ మాట్లాడరు అని మాత్రమే చెప్పి ఉండేదాన్ని.

గ్రంథాలయ వారోత్సవాలు ఏటా నవంబరు 14న మొదలై 20న ముగుస్తాయి. 2021లో ఆ వారం మధ్యలో, 18వ తేదీ గురువారం నాడు, తిరుపతి మీద కురిసిన వానను ఈ ఊరివాళ్లు ఇప్పట్లో మరచిపోలేరు. వీధులు కాలువలయ్యాయి, స్వర్ణముఖి పొంగింది, తిరుమల ఘాట్ రోడ్లు మూసివేశారు, కపిలతీర్థం దగ్గర జలపాతాన్ని చూడటానికే భయం వేసింది. మరునాడు శుక్రవారం కాబట్టి గ్రంథాలయానికి సెలవు. పైగా కార్తీక పౌర్ణమి. ఆ సాయంత్రం గాలికి ఆరిపోతున్న 365 వత్తుల దీపానికి చేయి అడ్డం పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నానే గాని, ఆ గ్రంథాలయం నేల వీధికంటే రెండు మెట్లు పల్లంలో ఉందన్న సంగతి నాకు తట్టనేలేదు. చంద్రగిరి నుంచి రోజూ బస్సులో వచ్చే గ్రంథపాలకురాలికి ఆ రోజు బయలుదేరే దారే లేదు. లోపలికి చేరిన నీళ్లు గురువారం రాత్రి నుంచి శనివారం పొద్దుటి దాకా కదలకుండా అక్కడే నిలిచిపోయాయి.

శనివారం, అంటే వారోత్సవాల ముగింపు రోజున, తలుపు తీసేసరికి గోడకు కట్టిన రంగు కాగితాల తోరణం పైన పొడిగా వేలాడుతోంది. దాని కింద బీరువాల కింది అరలన్నీ నీళ్లు తాగి ఉబ్బిపోయాయి. ఉబ్బిన పుస్తకాలు అరలో ఎంత బిగుసుకుపోతాయంటే, ఒకదాన్ని లాగితే అట్ట చేతికొచ్చి పుస్తకం అక్కడే ఉండిపోతుంది. గ్రంథపాలకురాలు ప్రవేశ సంఖ్యల రిజిస్టరును గుండెకు హత్తుకుని బల్ల పక్కన నిలబడి ఉన్నారు. ఆమె దిగులు పుస్తకాల గురించి ఎంతో, లెక్క గురించీ అంతే. ప్రతి పుస్తకానికీ ఒక సంఖ్య, ప్రతి సంఖ్యకూ ఒక జవాబు ఉండాలి. “ఆరబెట్టేదానికి ఈడ చోటు లేదు, ఇండ్లకు పంపిద్దామంటే రిజిస్టరులో ఏమని రాసేదమ్మా?” అన్నారు. మా బల్ల దగ్గర ఎప్పుడూ నోరు విప్పని కొర్లగుంట అమ్మాయి, “మాకియ్యండి మేడమ్, వేరే నోటు పుస్తకంలో నంబర్లు రాసి సంతకాలు పెడతాం” అంది. నిబంధనల ప్రకారం అది కుదిరే పని కాదు. అయినా ఆ రోజు ఒక రూళ్ల నోటు పుస్తకంలో మా ఒక్కొక్కరికీ ఒక పేజీ కేటాయించి పుస్తకాలు ఇచ్చేశారు. నా వంతుకు పదిహేడు వచ్చాయి. వాటిని బిందె మోసినట్టు నడుముకు ఆనించుకుని రెండు విడతలుగా ఇంటికి చేర్చాను.

మొదటి రోజు నేను చేసింది తప్పు. తొందరగా ఆరుతుందని తడి కాగితం మీద ఇస్త్రీపెట్టె పెట్టాను. ఒక పుస్తకంలో ఇరవై పేజీలు అప్పడాల్లా ముడుచుకుపోయాయి. మరునాడు ముందు గదిలో రోజూ పత్రిక చదివే పెద్దాయన ఒకరు, ప్రెస్సులో బైండింగు పని చేసి రిటైరైనవారు, సంగతి విని మమ్మల్ని మందలించారు. “ఎండలో పెట్టొద్దు తల్లీ, అట్ట వంకర తిరుగుతాది. నీడలో నిలబెట్టి ఫ్యాను ఎయ్యండి” అని చెప్పి, పుస్తకాన్ని విసనకర్రలా కొద్దిగా విప్పి నిలబెట్టడం, ఇరవై పేజీలకు ఒక పొడి కాగితం పెట్టి అది తడవగానే మార్చడం, ముప్పాతిక ఆరాక మూసి పైన బరువు పెట్టడం చూపించారు. రెండు రోజులు దాటితే తడి కాగితానికి బూజు పట్టడం మొదలవుతుందనీ, నున్నటి ఆర్ట్ పేపరు పుస్తకాలు తడిలోనే ఆకులు విడదీయకపోతే ఆరాక ఇటుకలవుతాయనీ ఆయనే చెప్పారు. ఆ రెండో మాట మాకు ఆలస్యంగా అందింది. పిల్లల బొమ్మల పుస్తకాలలో చాలామటుకు అప్పటికే ఇటుకలయ్యాయి. మధ్యలో పెట్టడానికి మాకు దొరికినవి పాత దినపత్రికలే కాబట్టి, నేను ఆరబెట్టిన ఒక నవలలో ఒక పేజీ మీద ఇప్పటికీ చీరల దుకాణం ప్రకటన, అక్షరాలు అద్దంలో తిరగబడినట్టు, లేతగా కనిపిస్తుంది.

మూడు వారాలు మా ఇంట్లో అడుగు పెట్టడానికి చోటు లేదు. మా అత్తగారు మొదట్లో సణిగారు గాని, నాలుగో రోజుకల్లా మధ్యాహ్నం కునుకు మానేసి కాగితాలు మార్చడం తానే అందుకున్నారు. బల్ల దగ్గరి అమ్మాయిలు ఒకరింటికి ఒకరు వెళ్లడం, ఎవరి ఫ్యాను వేగంగా తిరిగితే పుస్తకాలు అక్కడికి మార్చడం అప్పుడే మొదలైంది. మూడేళ్లు ఎదురెదురుగా కూర్చున్నా, వాళ్ల ఇళ్లలో ఎవరెవరున్నారో నాకు అంతవరకు తెలియదు.

పుస్తకాలు తిరిగివచ్చిన రోజు గ్రంథపాలకురాలు నోటు పుస్తకం తెరిచి ఒక్కొక్క సంఖ్యకు టిక్కు పెడుతూ, విద్యా మనోవిజ్ఞానం పుస్తకం దగ్గర ఆగారు. చిరిగిన చోట రూళ్ల కాగితాలు పన్నెండు, అంచులు సమంగా కత్తిరించి, మైదా జిగురుతో అతికించి ఉన్నాయి. అభ్యసన సిద్ధాంతాల అధ్యాయం మొత్తం గుండ్రటి చేతిరాతలో ఉంది: పావ్‌లోవ్ కుక్క మీద, స్కిన్నర్ ఎలుక మీద చేసిన ప్రయోగాలు, థార్న్‌డైక్ నియమాలు, అన్నీ. ఎవరు రాశారని ఆమె అడిగారు, ఎవరూ చెప్పలేదు. ఏడేళ్లలో నేను ఆ గ్రంథాలయంలో పొందిన అన్నిటికంటే పెద్ద ఆనందం ఆ పన్నెండు కాగితాలే. ఒక చోట కోలర్ ప్రయోగంలోని చింపాంజీని థార్న్‌డైక్ ఖాతాలో వేసిన పొరపాటు ఉంది. తర్వాత ఎవరో పెన్సిల్‌తో దిద్ది, పక్కన ‘థార్న్‌డైక్‌ది పిల్లి’ అని రాశారు. ఆ పన్నెండు కాగితాల చేతిరాత ఎవరిదో నాకు తర్వాత తెలిసింది. చింపినవారే రాసి అతికించారేమోనన్న అనుమానం కూడా కలిగింది. నేను అడగలేదు.

ఆ తర్వాత బల్ల తీరు మారింది. సందేహం వస్తే పైకి అడగడం, ఒకరికి తెలిసినది మరొకరు రాసుకోవడం, బాలింతగా ఉన్న ఒకామె చదువుకుంటున్నంతసేపూ మిగిలినవాళ్లం వంతులవారీగా బిడ్డను వరండాలో తిప్పడం మామూలైపోయాయి. చదువుకున్న ఆడవాళ్లు అక్కడ ఉంటారని తెలిసి చుట్టుపక్కల ఇళ్ల నుంచి అర్జీలు, బ్యాంకు కాగితాలు పట్టుకుని రావడం కూడా మొదలైంది. రుయా ఆసుపత్రిలో మనవడిని చేర్పించిన ఒక పెద్దావిడ, డాక్టరు రాసిన చీటీలో ఏముందో చదివి చెప్పమని వచ్చి, ఆ తర్వాత నెలరోజులు రోజూ సాయంత్రం వచ్చి ఊరికే కూర్చునేది. చదవడం రానివాళ్లకు ఇక్కడేం పని అని ముందు గదిలో ఒకరిద్దరు విసుక్కున్నారు. మేం మాత్రం ఆమె కుర్చీ తీసేయలేదు.

ఇంతవరకు చదివినవారు అది సరస్వతీ సదనమని అనుకుంటారేమో, కాబట్టి కొంత సర్దుబాటు చేయాలి. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులతో డీఎస్సీ ప్రకటన రాగానే మా బల్ల మీద పరీక్ష అట్టలు మళ్లీ బోర్లపడ్డాయి. అందులో నాదీ ఒకటి. గణిత బోధన పద్ధతుల మీద నాకు మంచి నోట్సు దొరికింది. కొర్లగుంట అమ్మాయి అడిగితే ఇంటి దగ్గర మరచిపోయానని చెప్పాను. అది సంచిలోనే ఉంది. తర్వాత ఆ ప్రకటన రద్దయింది, నోట్సులు మళ్లీ బయటికొచ్చాయి, 16,347 పోస్టుల మెగా డీఎస్సీ 2025లో వచ్చేసరికి మళ్లీ సగం లోపలికి పోయాయి. ప్రకటనలు లేని కాలంలో ఆ బల్ల దగ్గర ఉన్నంత ఆప్యాయత నేను మరెక్కడా చూడలేదు. ప్రకటన వచ్చాక ఉన్నదాన్ని మర్యాద అంటే సరిపోతుంది. అయినా 2018తో పోలిస్తే తేడా ఉంది: హాల్ టిక్కెట్ తీయడం రానివాళ్లకు ఎవరో ఒకరు తీసిపెట్టారు, పరీక్షా కేంద్రానికి ఆటో కలిసి మాట్లాడుకున్నారు.

కొరతల విషయానికి వస్తే, అన్నిటికంటే పెద్దది మరుగుదొడ్డి. ఉంది గాని దానికి తాళం, తాళం చెవి ఒకరి దగ్గర, ఆ ఒకరు ఎక్కడున్నారో వెతకాలి. అందువల్ల బల్ల దగ్గరి ఆడవాళ్లం నీళ్లు తాగకుండా చదవడం అలవాటు చేసుకున్నాం. మహిళలకు ప్రత్యేకమైన బల్ల వేసినవారికి ఈ సంగతి ఎందుకు తట్టలేదో నాకు తెలియదు. పదకొండు గంటల నుంచి నాలుగింటి దాకా మూసి ఉంచడం ఇళ్లలో వంట ఉన్న నాలాంటివాళ్లకు సరిపోయింది గాని, దూరపు పల్లెల నుంచి బస్సులో వచ్చే పిల్లలు ఆ ఐదు గంటలూ మెట్లమీద గడపవలసిందే. తడిసి పనికిరాకుండా పోయిన పుస్తకాలను లెక్కలోంచి తీసేయడానికి కావలసిన అనుమతి కోసం కాగితాలు ఎన్నోసార్లు వెళ్లాయి. ఇటుకలైన ఆ బొమ్మల పుస్తకాలు ఇప్పటికీ రెండు గోతాలలో మూలన ఉన్నాయి. ఏటా ఇంటి పన్ను కట్టేటప్పుడు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడుతున్న మనిషిగా, ఆ గోతాలను చూసినప్పుడల్లా నాకు చిరాకే. పుస్తకాలను ఇళ్లకు పంపిన ఏర్పాటును నేను పొగిడాను గాని, అందులో కూడా రెండు పుస్తకాలు తిరిగిరాలేదు. పెళ్లై వెళ్లిపోయిన ఒక అమ్మాయి పేజీలో ఆ రెండు సంఖ్యలు టిక్కు లేకుండా మిగిలాయి. వాటి సంగతి ఆ తర్వాత ఎలా తేలిందో గ్రంథపాలకురాలు మాకు చెప్పలేదు. ఆమె సొంత డబ్బుతో కొని పెట్టారని ఒకరన్నారు.

ఇక నా అభిప్రాయాన్ని ఎంతవరకు పట్టించుకోవచ్చో చెప్పాలి. నా ఇల్లు నడక దూరంలో ఉంది, పగలు మూడు గంటలు నాకు చిక్కేవి, ఇంట్లో అత్తగారు ఉన్నారు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఈ బల్ల నాకు ఉపయోగపడి ఉండేది కాదు. 2025 డీఎస్సీకి జనరల్ కేటగిరీలో వయోపరిమితి 44 ఏళ్లు కావడంతో అదే నాకు ఆఖరి పరీక్ష. నాకు రాలేదు, కొర్లగుంట అమ్మాయికి వచ్చింది. కాబట్టి ఉద్యోగం తెచ్చిపెట్టే చోటుగా దీన్ని నేను సిఫార్సు చేయలేను, వెళ్లవద్దనీ అనలేను. కొత్త సిలబస్ పుస్తకాలు మాత్రమే కావలసినవారికి ఇక్కడ నిరాశ తప్పదు. ఇప్పుడు నాకు పరీక్షలు లేకపోయినా వారానికి నాలుగు రోజులు సాయంత్రం పూట వెళుతున్నాను. అర్జీలు రాయించుకునేవాళ్లు వస్తూనే ఉన్నారు.

కొత్తగా వెళ్లేవారికి ఒక్క మాట: ఫ్యాను గాలి బల్లకు తలుపు వైపు కొసకు అందదు కాబట్టి కిటికీ వైపే కూర్చోండి. అక్కడ మూడో కుర్చీ దగ్గర బల్ల కాలు కొద్దిగా పొట్టి. దాని కింద నాలుగు మడతలు పెట్టిన అట్టముక్క ఉంటుంది. తుడిచేవాళ్లు పొరపాటున లాగేస్తే పక్కన పడేయకుండా మళ్లీ అక్కడే దూర్చండి. అది నేను ఇస్త్రీ చేసి పాడుచేసిన పుస్తకం అట్ట.